బజ్జీల పొట్లంలో ఏడో తరగతి

ఆ రోజుల్లో మా ఊరు ఎల్లారెడ్డిలో ఎడతెగని యుద్ధాలు రెండుండేవి. ఒకటి బీడీ కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే మున్షీకీ, బీడీలు చేసే ఆడవాళ్లకూ మధ్య. ఇంకొకటి బడికి పిల్లల్ని పంపే తల్లులకూ తల్లులకూ మధ్య. మొదటిది కార్ఖానా తలుపు మూస్తే ఆగేది. రెండోదానికి ఆదివారం కూడా సెలవు లేదు.

మా అమ్మ రెండింటిలోనూ ముందు వరుసలో ఉండేది. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం బిగించి పక్కన పడేసేలోపు నేను ఒక్కసారి రెప్ప వేయగలిగేదాన్ని. రెండోసారి వేసేలోపు ఇంకో బీడీ పడేది. ఆమె ఒక్కరోజు చేసిన బీడీలను వరుసగా పేరిస్తే రామారెడ్డి ఊరి దాకా పోయి, అక్కడ చాయ తాగి తిరిగొస్తాయని మా నాయన అనేవాడు. చదువు మాత్రం ఆమెకు ఒక్క అక్షరం రాదు.

ఆమె శత్రువు మా పక్కింటామె. భర్త దుబాయిలో ఉండేవాడు. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. ఆమె కొడుకూ నేనూ ఒకే బడిలో, ఒకే ఏడో తరగతిలో, తెలుగులోనే చదివేవాళ్లం. మా పుస్తకాల్లో ఏముందో ఇద్దరు తల్లులకూ తెలియదు కాబట్టి చదువును చెవితో కొలిచేవారు. ఎవరి పిల్ల గొంతు వాడకట్టు చివరి దాకా వినపడితే వాళ్లు బాగా చదువుతున్నట్టు. తెల్లవారుజామున ఆ అబ్బాయి అటు గోడ పక్కన మొదలుపెట్టేవాడు. వెంటనే అమ్మ నన్ను ఇటు అరుగు మీద కూర్చోబెట్టేది. నేను ఎప్పుడూ నదుల పాఠమే అందుకునేదాన్ని, గట్టిగా అరవడానికి అందులో పేర్లు బాగుంటాయని. నెల తిరిగేసరికి మా వాడకట్టులో అందరికీ గోదావరి ఉపనదులు కంఠతా వచ్చేశాయి. పాలాయన మా ఇంటి ముందు సైకిల్ దిగుతూ "మంజీర" అనేవాడు. అది విని మా బర్రె చేపేది.

ఇంత అరిచినా, ఆర్నెల్ల పరీక్షల మార్కుల కార్డు వచ్చేసరికి లెక్కల్లో నాకు ముప్పై ఒకటి వచ్చాయి. పక్కింటి అబ్బాయికి అరవై రెండు. నాకన్నా సరిగ్గా రెట్టింపు. ఈ సంగతి నేనే సొంతంగా లెక్కగట్టి కనిపెట్టాను కనుక లెక్కలు బొత్తిగా రావని ఎవరూ అనడానికి లేదు. కానీ పాసు కావాలంటే ముప్పై ఐదు కావాలి.

మా ఇంట్లో హైకోర్టు మా బాపమ్మ. నాయన తల్లి. నలభై ఏళ్లు బీడీలు చేసి, నడుము వంగినా మాట వంగని మనిషి. నా కార్డును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి తీర్పు చెప్పింది.

"బస్, చాలు. ఈ ఏడు కాంగనే బడి బంద్. చాట ముందట కూసుంటది."

"నాలుగు మార్కులే తక్కువచ్చినయి అత్తా. గంతమాత్రానికే బంద్ ఏంది?" అంది అమ్మ.

"నాలుగు బీడీలు తక్కువైతే కార్ఖానల కట్ట తీస్కుంటరా?"

దీనికి జవాబు కార్ఖానా సేటు దగ్గర కూడా ఉండదు. నాయన బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. క్వింటాలు బరువుకు వంగని ఆయన మెడ తల్లి మాటకు వంగిపోయేది. అమ్మ ఒక్కతే ఎదురు నిలబడింది.

"పెద్ద పరీక్షలు కానియ్ అత్తా. అండ్ల పాసయితే ఎనిమిదికి పోతది. కాకుంటే నువ్వన్నట్టే."

"కానియ్," అంది బాపమ్మ. "సూత్త గద."

ఆ రోజు నుంచి నా బతుకు లెక్కల పరీక్ష మీద ఆధారపడింది. లెక్కలేమో నా మీద ఆధారపడ్డాయి. రెండూ ప్రమాదంలో ఉన్నాయని అమ్మకు త్వరలోనే అర్థమైంది.

అప్పుడు జరిగింది ఆ విచిత్రం. మాకు లెక్కలు చెప్పే సారు భార్య బయటి తిండి ముట్టని మనిషి. బండి మీది బజ్జీ కడుపులోకి పోయి ఏమేం చేస్తుందో ఆమె వర్ణిస్తే విన్నవాళ్లకు వారం రోజులు ఆకలి వేసేది కాదు. అలాంటిది ఒక సాయంత్రం బస్టాండు ముందు బజ్జీల బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు కొంది. మర్నాడూ కొంది. మూడోనాడు మా అమ్మ కార్ఖానాలో బీడీలు ఇచ్చి వస్తూ ఆమె వెనకాలే నడిచింది. సారు భార్య సందు మలుపులో అటూ ఇటూ చూసి, బజ్జీలన్నీ ఒక మేక ముందు కుమ్మరించి, నూనె కారుతున్న పొట్లం కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా మడిచి బొడ్లో దోపుకుంది. ఆ మేక నాలుగో మిర్చి దగ్గర ఒక కేక పెట్టి లింగంపేట రోడ్డు పట్టింది. మళ్లీ ఎవరికీ కనపడలేదు.

"బజ్జీలు మేకకు, కాయితం తనకు," అంటూ అమ్మ ఇంటికొచ్చింది. "కాయితంలనే ఏదో ఉన్నది."

వెంటనే నన్ను బండి దగ్గరికి పంపింది. నేను తెచ్చిన పొట్లం విప్పి, బజ్జీలు నా చేతిలో పెట్టి, కాగితాన్ని చాట మీద పరిచింది. పరీక్ష పేరుండే పైవరుస చిరిగిపోయింది. మిగిలినదాంట్లో వరుసగా అంకెలు, అంకెల పక్కన ప్రశ్నలు.

"సదువు."

"ఏడవ తరగతి. గణితం," అని చదివాను.

అమ్మ చాటను నా వైపు జరిపింది. "పెద్ద పరీక్షలదేనా?"

నాకు ఆ ప్రశ్నలు ఎంతో బాగా తెలుసు. ఆర్నెల్ల పరీక్షలో నన్ను ఓడించిన ప్రశ్నలే అవి. మొహం చూస్తే గుర్తుపట్టేంత పరిచయం. ఆ మాట అంటే అక్కడితో అయిపోయేది. కానీ నా చేతిలో వేడి బజ్జీలున్నాయి. ముందు ముందు ఇంకా చాలా వస్తాయన్న ఆశ వాటి వాసనలోనే ఉంది.

"ఉండచ్చు," అన్నాను.

ఇప్పటికీ ఆ మాటకు నేను సిగ్గుపడను. పన్నెండేళ్ల పిల్లకు సత్యం ఒకటే, బజ్జీలు అనేకం.

మర్నాడు పక్కింటామె కూడా బండి దగ్గర కనపడింది. సారు భార్యను మా అమ్మ చూస్తుంటే, మా అమ్మను ఆమె చూసిందన్నమాట. ఆ సాయంత్రం గోడ మీది నుంచి వాళ్ల అబ్బాయి తల ఎత్తాడు. నోటి నిండా బజ్జీ. నా నోటి నిండా బజ్జీ. వాళ్ల పొట్లంలోనూ అవే ప్రశ్నలు, వాడికీ అవి తెలుసు. ఇద్దరం ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకున్నాం. తల్లులు చేసుకోలేని సంధి మేము నమలడం ఆపకుండానే చేసుకున్నాం.

తరువాతి పది రోజుల్లో బజ్జీల బండాయన మిర్చి చాలక శనగపిండిలో ఏది దొరికితే అది ముంచాడు. తన చేతి రుచికి ఎల్లారెడ్డి దాసోహమైందనుకుని కొత్త తువ్వాలు కొనుక్కుని భుజాన వేసుకున్నాడు. మా పొట్లాల్లో ఒకరోజు సగం సాంఘిక శాస్త్రం వచ్చేది, ఒకరోజు ఎవరిదో పెండ్లి పత్రిక. లెక్కల మిగతా పేజీ మాత్రం రాలేదు. నా కడుపులో గోదావరి ఉపనదులన్నీ ఒకేసారి పొంగడం మొదలైంది.

అమ్మకు ఓపిక నశించింది. బండాయన పక్కన ఒక బీడీ కట్ట పెట్టి అడిగింది. "అన్నా, గీ కాయితాలు యాడ దొరుకుతయి నీకు?"

"కామారెడ్డిల, చెల్లె. టేషన్ దిక్కు పాత కాయితాల దుకాణం ఉంటది. అయినా బజ్జీల సంగతి ఇడిసి కాయితాల సంగతి అడుగుడేంది? రుచి బాలేదా?"

"బజ్జీలకేం? బంగారం."

మర్నాడు అమ్మ నన్ను బడి మాన్పించి కామారెడ్డి బస్సెక్కించింది. జ్వరం వచ్చినా చాట వదలని మనిషి ఒక రోజు బీడీలు మానేసిందంటే భూమి తన చుట్టూ తాను తిరగడం మానేసినట్టే. బస్సు కదిలాక చూస్తే ముందు సీట్లో బుర్ఖా వేసుకుని పక్కింటామె, ఆమె పక్కన కొడుకు.

"యాడికి ఆపా?" అంది అమ్మ, ఆమెను ఉర్దూలో అక్కా అని పిలుస్తూ, చెరుకు రసం లాంటి గొంతుతో.

"పన్ను నొస్తుంది చెల్లె. డాక్టర్ దగ్గరికి. నువ్వెటు?"

"మాకు దూరపు చుట్టం. సచ్చిపోయిండు పాపం."

"అరే! ఎవరు?"

"నీకెరుకలేదు. నాగ్గూడ సరిగ్గ ఎరుకలేదు."

కామారెడ్డి బస్టాండులో దిగి, ఆమె దవాఖానా దిక్కుకు, మేము చావు దిక్కుకు విడిపోయాం. బజారంతా ఒక చుట్టు చుట్టి పాత కాగితాల దుకాణం గడప ఎక్కుతుంటే, అటు వైపు నుంచి అదే గడప మీద ఆమె కూడా కాలు పెట్టింది.

"పన్ను పీకుడు ఈడనేనా ఆపా?"

"శవం ఈడనే ఉన్నదా చెల్లె?"

ముసలి దుకాణదారు తక్కెడ దింపి మమ్మల్ని చూశాడు. "ఏందమ్మా, ఇయ్యాల ఎల్లారెడ్డి అంత ఈడనే దిగింది? లోపల ఇంకొకామె పొద్దటికెల్లి గోనెలు దేవుతుంది."

లోపల, కొండంత కాగితాల గుట్ట నడుమ, మోకాళ్ల మీద సారు భార్య ఉంది. దుమ్ముకు జుట్టు తెల్లబడి ఒక్క పూటలో ముసలిదైపోయింది. మమ్మల్ని చూడగానే చేతిలో ఉన్న కాగితాల కట్టను కొంగు కింద దాచింది. ఆ కొంగు చిన్నది, కట్ట పెద్దది.

అమ్మ ఆ కట్టను చూసింది. కాగితాన్ని కాదు, దాన్ని కట్టిన దారాన్ని. ముందుకు వంగి మరీ చూసింది.

"గా కట్టు నా బిడ్డది," అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. బీడీలు చేసే వాళ్లలో ఎవరి కట్టు వాళ్లదే. ముడి వేయకుండా రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి నొక్కే తీరులో ఒక్కొక్కరిది ఒక్కో తరహా. కార్ఖానాలో వేల కట్టల నడుమ పడేసినా కట్టినామె తన కట్టు తను పోల్చుకుంటుంది. ఆర్నెల్ల పరీక్షలు అయిన రోజు సారు మా లెక్కల జవాబు కాగితాలన్నీ పోగుచేసి నా ముందు పెట్టి, "నువ్వు బీడీలోళ్ల పిల్లవు గద, గట్టిగ కట్టు," అన్నాడు. తరగతి నవ్వింది. నేను అమ్మ నేర్పిన పద్ధతిలో, జన్మలో ఊడనట్టుగా కట్టాను.

ఆ కట్టు ఒకసారి విప్పితే మళ్లీ అట్లా రాదు. అది విప్పలేదు.

"ఇప్పలే," అంది అమ్మ మెల్లగా. "అసలు ఇప్పనే లేదు. మరి ముప్పయ్యొకటి యాడికెల్లి ఒచ్చింది?"

సారు భార్య గోనె మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. "ఇయ్యాల దిద్దుత, రేపు దిద్దుత అని అటక మీద పెట్టిండక్కా. కార్డులు ఇచ్చే రోజు రానే ఒచ్చింది. మొఖాలు గుర్తుచేసుకుంట మార్కులేసిండు. ఇల్లు సర్దేటప్పుడు ఎరుకలేక నేను పాత పేపర్లతోటి గిది గూడ అమ్మిన. ఒకనాడు మా పక్కింటోళ్ల చేతిల బజ్జీల పొట్లం చూస్తే ఆయన ప్రశ్నల కాయితం! అయ్యో, రేపు పిల్లల జవాబులు గూడ గిట్లనే ఊరంత తిరుగుతయని... మీ కాళ్లు మొక్కుత, ఇజ్జత్ పోతది."

అమ్మ నా వైపు తిరిగింది. "ఆర్నెల్ల పరీక్షల ప్రశ్నలా ఇవి? నీకు ఎరికేనా?"

బజ్జీలన్నిటికీ కలిపి అక్కడే ఒక్క దెబ్బ పడింది. ఆ శబ్దానికి పైకప్పు మీది పావురాలు లేచి నిజామాబాద్ వెళ్లిపోయాయి. పక్కింటామె కొడుకు నా నుంచి రెండడుగులు దూరం జరిగాడు, కానీ వాళ్లమ్మ చెయ్యి అంతకన్నా పొడుగు.

పక్కింటామె కొడుకును వదిలి సారు భార్య వైపు తిరిగింది. "అంటే మావాని అరవై రెండు గూడ ఉత్తదేనా? పండుగకు సారుకు అత్తరు సీసా ఇచ్చిన నేను."

"నీ ఇష్టం ఆపా," అంది అమ్మ. "ఇప్పితే నీది తగ్గినా తగ్గొచ్చు. ఇప్పకపోతే నా బిడ్డ బడి పోతది."

పక్కింటామె కొడుకును చూసింది, కట్టను చూసింది. ముక్కు పుటాలు ఎగరేసింది. "తగ్గనియ్. దానమిచ్చిన మార్కులు మాకెందుకు? ఇప్పుదాం."

ఆ రోజు తిరుగు బస్సులో ముగ్గురు ఆడవాళ్లు ఒకే సీట్లో కూర్చున్నారు. కట్ట అమ్మ ఒళ్లో ఉంది. కండక్టరు దానికీ టికెట్ అడుగుతాడేమో అన్నంత గౌరవంగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున సారు మా ఇంటికొచ్చాడు. రాకపోతే కట్ట కామారెడ్డిలో విద్యాశాఖ ఆఫీసుకు పోతుందని భార్య చేత కబురు పంపింది అమ్మ. ఆయన అరుగు మీద కూర్చోకముందే గొంతు తగ్గించి ఒక బేరం పెట్టాడు.

"లొల్లి ఎందుకమ్మా? కార్డు ఇటియ్యి. నలభై ఐదు చేస్త. మీ అత్తమ్మ గూడ ఊకుంటది. పిల్ల చదువు సాగుతది."

అమ్మకు కావలసింది సరిగ్గా అదే. నలభై ఐదు చూపిస్తే బాపమ్మ నోరు మూతపడేది, నా బడి నిలిచేది. నేను అమ్మ కొంగు పట్టి గుంజాను. ఒప్పుకోమని కళ్లతో బతిమాలాను. అమ్మ కొంగు విదిలించుకుంది.

"ముప్పయ్యొకటి గూడ గిట్లనే ఏసినవ్ గద సారూ. కూసో. మా అత్త ముందట ఇప్పు, చదువు, దిద్దు. ఎన్నొస్తే అన్ని."

వాడకట్టు సగం మా అరుగు ముందే ఉంది. ఊళ్లోకి ఏ మంత్రి వచ్చినా అంతమంది రారు. సారు ఎర్ర కలం తీశాడు. కట్టు విప్పడానికి ఆయన గోళ్లతో, పళ్లతో, కలంతో ప్రయత్నించి ఓడిపోతే, చివరికి అమ్మే కత్తెరతో తెగ్గోసింది. ముందు పక్కింటి అబ్బాయిది దిద్దాడు. డెబ్బై నాలుగు.

"డెబ్బై నాలుగా?" పక్కింటామె ఒక్క ఎగురు ఎగిరింది. "అత్తరు ఇచ్చి పన్నెండు మార్కులు పోగొట్టుకున్న! ఇయ్యకుంటె ఎంతేస్తుండెనో!"

తరువాత నాది. సారు ఒక్కో లెక్కా దిద్దుతుంటే నేను పడిన టిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆయన కూడి, మళ్లీ కూడి, తలెత్తకుండా చెప్పాడు.

"ఇరవై తొమ్మిది."

నిజం ఇంత కష్టపడి కామారెడ్డి దాకా పోయి వచ్చి నాకు రెండు మార్కులు తగ్గించింది. బాపమ్మ తలుపు దగ్గర కూర్చుని అంతా వింటోంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇరవై తొమ్మిది అయితే ఇరవై తొమ్మిదే," అంది అమ్మ, అందరికీ వినపడేటట్టు. "గవి నా బిడ్డ రాసుకున్నయి. ఆ ముప్పయ్యొకటి నీయి సారూ, నువ్వే ఉంచుకో."

బాపమ్మ లేచి వచ్చింది. తెగిన దారాన్ని అరుగు మీది నుంచి తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"గిది ఇప్పకుండనే మార్కులేసినవా?" అని సారును అడిగింది.

సారు కలం మూత పెట్టడం, తీయడం మొదలుపెట్టాడు.

"నేను వయసుల ఉన్నప్పుడు ఒక మున్షీ ఉంటుండె. కట్ట ఇప్పకుండనే పనికిరాదని ఇసిరి కొడుతుండె. ఒకనాడు కార్ఖాన గడప మీద అడ్డం కూసున్న. ఇప్పి ఒక్కొక్క బీడీ చూసేదాక లేవలే. పొద్దు గూకింది, సేటు ఒచ్చిండు, అయినా లేవలే." బాపమ్మ తెగిన దారాన్ని సారు ముందు పడేసింది. "గసుంటి నేను నీ కాయితం నమ్మి మనుమరాలి బడి బంద్ వెట్టిన. నన్ను గూడ మున్షీని జేసినవ్ గదరా!"

సారు కలం కిందపడింది.

"పిల్ల ఎనిమిదికి పోతది," అంది బాపమ్మ. "పాసుకు తక్కువచ్చిన ఆరు నువ్వు నేర్పనియి. గవి నేర్పు. రోజూ పొద్దు గూకంగ ఈడికొచ్చి నేర్పు. వానికి గూడ చెప్పు, పక్కింటి పోరనికి, ఇంకెవరొస్తే వాళ్లకు."

సారు మెల్లగా లేవబోయాడు. అమ్మ మిగిలిన కాగితాల దొంతరను ఆయన ముందుకు జరిపింది.

"యాడికి సారూ? ఇంకా నలభై మంది తల్లులున్నరు ఈడ."

ఆయన దిద్దాడు. పొద్దు గూకే దాకా దిద్దాడు. మూడుసార్లు చాయ ఇచ్చాం, లేవనియ్యలేదు. పెద్ద పరీక్షల దాకా రోజూ వచ్చి మా అరుగు మీద పాఠం చెప్పాడు కూడా. చెప్పడం మొదలుపెట్టాక ఆయన అంత చెడ్డ సారేమీ కాదు. లెక్కల్లో నాకు ముప్పై ఏడు వచ్చాయి. అదేం తక్కువ కాదు. అందులో ప్రతి ఒక్క మార్కునూ ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

ఎనిమిదిలో చేర్చడానికి బడి ఆఫీసుకు అమ్మే వచ్చింది. గుమాస్తా దరఖాస్తు నింపి, ఇంకు పెట్టె ఆమె ముందుకు తోసి, వేలిముద్ర వేయమన్నాడు. అమ్మ బొటనవేలు కదపలేదు.

"ఏం రాసినవో సదువు. ఇన్నంక ఏస్త."

"నీకేం తెలుస్తదమ్మా? ఎయ్యి, వెనక లైన్ ఉన్నది."

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. లైన్‌లో ఉన్న తల్లులందరినీ చూసింది. మళ్లీ ముందుకు తిరిగి, కొంగు నడుముకు చుట్టి, ఆ ఆఫీసు గడప మీద అడ్డంగా కూర్చుంది.

గుమాస్తా దరఖాస్తు చేతిలోకి తీసుకుని, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాడు.